‘ఈ కష్టంలో పాఠం ఏమిటి అయ్యగారూ?’: శనివారం రాత్రి ఫోన్-ఇన్

వ్యాఖ్యాత: శ్రోతలందరికీ వందనాలు. రోజూ చేసే పనుల్లో, రోజూ పడే కష్టాల్లో దేవుడు మనకు ఏం నేర్పుతున్నాడన్నది ఈ రాత్రి మన అంశం. మీ ప్రశ్నలకు జవాబివ్వడానికి పాస్టరుగారు స్టూడియోలో ఉన్నారు. మొదటి ఫోన్ పల్నాడు జిల్లా నుంచి. చెప్పండమ్మా.

శ్రోత: వందనాలండీ అయ్యగారూ. మాది కౌలు సేద్యం. రెండున్నర ఎకరాలు మిర్చి వేస్తాం. అప్పట్లో నల్ల తామర పురుగు వచ్చింది కదండీ, అది పువ్వులోనే చేరి పూతంతా రాల్చేసింది. మందులు కొట్టీ కొట్టీ చేతులు కాలిపోయాయి గానీ పురుగు చావలేదు. ఆ అప్పు తీరకముందే మొన్న పంట బాగా వచ్చింది, యార్డుకు తీసుకెళ్తే రేటు లేదు. నూటికి మూడు రూపాయల వడ్డీ. సంఘంలో ఒక పెద్దాయన, ‘మీ ఇంట్లో దాచిపెట్టిన పాపం ఏదో ఉంది, ఒప్పుకోండి’ అన్నాడు. అప్పటి నుంచి మా ఆయన గుడికి రావడం లేదు. ఇందులో దేవుడు మాకు చెప్పే పాఠం ఏమిటండీ?

పాస్టరు: అమ్మా, ముందు ఆ పెద్దాయన మాట తీసి పక్కన పెట్టండి. పుట్టు గుడ్డివాణ్ణి చూపించి, ‘పాపం చేసింది వీడా, వీణ్ణి కన్నవాళ్లా’ అని శిష్యులే అడిగారు. ఇద్దరూ కాదన్నాడు ప్రభువు. యోహాను సువార్త 9వ అధ్యాయం చూడండి. సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోతే, వాళ్లు మిగతా వాళ్లకంటే పాపులనుకుంటున్నారా అని ఆయనే ఎదురు అడిగాడు. నల్ల తామర పురుగు పొలానికొచ్చేటప్పుడు ఎవరు ప్రార్థన చేశారు, ఎవరు చేయలేదు అని చూసి రాలేదు. ఆ ఏడు ఎందరి చేలు పోయాయో మీకే తెలుసు.

శ్రోత: అవునండీ. మా ఊళ్లో అందరివీ పోయాయి.

పాస్టరు: యోబు స్నేహితులు ఏడు రోజులు, ఏడు రాత్రులు ఆయన పక్కన నేల మీద ఊరికే కూర్చున్నారు. అంతవరకు వాళ్లు మంచి స్నేహితులే. నోరు తెరిచి ‘నీ పాపమే’ అని మొదలుపెట్టాకే చెడ్డారు. చివర్లో దేవుడు కోప్పడింది వాళ్ల మీద, యోబు మీద కాదు. సరేనమ్మా, మీ ఆయన ఎలా ఉన్నారు? అన్నం తింటున్నారా, నిద్రపోతున్నారా?

శ్రోత: (కాసేపు మౌనం) తినడం లేదండీ. రాత్రిళ్లు గట్టు మీద కూర్చుంటాడు. ‘నేను లేకపోతే అప్పు గొడవ తీరుద్ది’ అన్నాడు మొన్న.

పాస్టరు: చాలా ముఖ్యమైన సంగతి చెప్పారు తల్లీ. మంచిపని చేశారు. ఇంట్లో పురుగుమందు డబ్బాలు ఉంటే ఈ రాత్రే తీసి పక్కింట్లో దాచిపెట్టించండి. ఆయన్ని ఒంటరిగా వదలొద్దు. 14416, ఇది టెలీ మానస్ నంబరు, మనసు బాగోలేనివాళ్లు మాట్లాడడానికి ప్రభుత్వం పెట్టిన ఫోన్ సేవ. రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టనక్కర్లేదు. ‘చచ్చిపోవాలని ఉందా’ అని ఆయన్ని సూటిగా అడగండి. అడిగితే ఆ ఆలోచన పుడుతుందేమోనని భయపడొద్దు.

ఇంకో మాట. ఏలీయా అంతటి ప్రవక్త బదరీచెట్టు కింద కూలబడి, ఇక చాలు, నా ప్రాణం తీసెయ్ అని దేవుణ్ణి అడిగాడు. దేవుడు ఆయనకు వాక్యం చెప్పలేదు. ముందు నిద్రపోనిచ్చాడు. దూత లేపి రొట్టె, నీళ్లు ఇచ్చింది. మళ్లీ పడుకున్నాడు. మళ్లీ లేపి తినమంది. రెండుసార్లు తిన్న తర్వాతే ప్రయాణం. మీ ఆయనకు ఈ రాత్రి కావాల్సింది పాఠం కాదు, వేడి అన్నం.

శ్రోత: పెడతానండీ.

పాస్టరు: కౌలు కార్డు ఉందా?

శ్రోత: ఆసామి సంతకం పెట్టనన్నాడండీ.

పాస్టరు: 2019లో వచ్చిన చట్టం ప్రకారం అది 11 నెలలకు పంట మీద ఇచ్చే హక్కు, భూమి మీద ఏ హక్కూ రాదు. ఆసామికి ఆ భయం పోగొట్టాలి. అది చేయాల్సింది మీ సంఘ పెద్దలే. మీ పాపాలు లెక్కపెట్టే పెద్దాయనను ఈ పని మీద పంపించండి. 1876 నుంచి 78 దాకా మన జిల్లాల్లో పెద్ద కరువొస్తే, ఒంగోలులో ఉన్న అమెరికా మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇచ్చారు. కూటి కోసం మతం పుచ్చుకున్నారన్న మాట రాకూడదని ఆ కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశారు. కరువు తగ్గాకే ఇచ్చారు. 1878 జూలై 3న ఒక్క రోజే 2,222 మంది. ఆకలితో ఉన్నవాడికి ముందు పని, అన్నం. మన సంఘాలు అక్కడ పుట్టినవమ్మా, ఆ సంగతి మనం మరిచిపోకూడదు.

వ్యాఖ్యాత: అమ్మా, మా వాళ్లు మీతో విడిగా మాట్లాడతారు, లైన్‌లోనే ఉండండి. తర్వాతి ఫోన్ హైదరాబాద్ నుంచి.

శ్రోత: వందనాలు అయ్యగారూ. నేను స్టాఫ్ నర్సుని. నెలలో సగం రోజులు నైట్ డ్యూటీలే. ఆదివారం ఆరాధన టైముకి నిద్ర ముంచుకొస్తుంది. బైబిల్ తెరిస్తే అక్షరాలు కదులుతుంటాయి. దేవునికి దూరమైపోతున్నానేమోనని టెన్షన్.

పాస్టరు: ఉపమానాల్లో ఎవరున్నారో చూడు తల్లీ. పిండిలో పులిపిండి కలిపే ఆవిడ, పోయిన నాణెం కోసం దీపం పెట్టి ఇల్లు ఊడ్చే ఆవిడ, విత్తనాలు చల్లే రైతు. అందరూ పనిలో ఉన్నవాళ్లే. రాత్రి మూడింటికి నువ్వు సెలైన్ మారుస్తూ ఆ పేషెంట్ పేరు మనసులో ఒక్కసారి దేవునికి చెప్పు చాలు. ఆదివారం ఇంటికొచ్చి పడుకో. వీలైతే సాయంత్రం కూడికకు వెళ్లు.

శ్రోత: అంతేనా అయ్యగారూ?

పాస్టరు: అంతే తల్లీ. పడుకో.

వ్యాఖ్యాత: ఇప్పుడు కువైట్ నుంచి ఒక సోదరి.

శ్రోత: అయ్యగారూ, మాది కోనసీమండీ. ఇక్కడ ఇంటి పనిలో ఉన్నాను. మొన్న శ్రావణంలో మా అమ్మ చనిపోయింది. సెలవు దొరకలేదు. వీడియో కాల్‌లోనే మట్టి చేయడం చూశాను. శుక్రవారం ఇక్కడి ఆరాధనకెళ్తే అందరూ ‘దేవుని చిత్తం, ఏడవకు, ఇందులో ఏదో మేలుంటుంది’ అంటున్నారు. నాకు ఏ మేలూ కనపడట్లేదు. నా విశ్వాసం పోయిందా అండీ?

పాస్టరు: లేదమ్మా. లాజరు సమాధి దగ్గర ప్రభువు ఏడ్చాడు. మరికాసేపట్లో లేపబోతున్నానని తెలిసి కూడా ఏడ్చాడు. తిరిగి లేస్తాడని తెలిసినవాడే ఏడిస్తే, కడచూపు దక్కని కూతురు ఏడవకూడదా? మేలు వెతకొద్దు. 88వ కీర్తన చదవండి, అది చీకటిలోనే ముగుస్తుంది. చివర్లో స్తుతి కూడా లేదు. అయినా అది బైబిల్లో ఉంది. అమ్మ చేతి వంట ఏదైనా మీకు వచ్చా?

శ్రోత: చింతచిగురు పప్పు చేసేదండీ.

పాస్టరు: శుక్రవారం మీ సెలవు పూట చేసుకోండి. అక్కడ చిగురు దొరక్కపోతే చింతపండుతోనే. తోటి తెలుగువాళ్లకు వడ్డించి, అమ్మ పేరు చెప్పి ప్రార్థన చేయించండి. ఇక్కడ జరగనిది కొంచెం అక్కడ జరుగుతుంది.

శ్రోత: (ఏడుస్తూ) అలాగేనండీ.

వ్యాఖ్యాత: బాపట్ల నుంచి ఒక పెద్దాయన. చెప్పండి తాతా.

శ్రోత: నేను ప్రశ్న అడగడానికి చేయలేదు బాబూ. నాది పంచర్ షాపు, నలభై ఏళ్లుగా. ట్యూబ్‌లో గాలి నింపి నీళ్ల తొట్టిలో ముంచి తిప్పుతాం. బుడగ లేచిన చోట చిల్లు. పైన ఆరబెట్టి ఎంత చూసినా కనపడదు. మా ముసలిది పోయాక రెండేళ్లు నన్ను దేవుడు అట్టా తొట్టిలో ముంచాడు. అప్పుడు కనపడింది నాకు. బతికున్నన్నాళ్లూ కసురుకోవడమే గానీ ఒక్క మంచి మాట చెప్పలేదు దానికి. ఇప్పుడు కోడలితో మెత్తగా మాట్లాడుతున్నాను.

పాస్టరు: అయ్యా, మీ మాట నాకు చాలా నచ్చింది. ఎందుకంటే మీరు మీ ట్యూబ్ గురించే చెప్పారు. ఇందాక పల్నాడు అమ్మను బాధపెట్టిన పెద్దాయన పరాయి ట్యూబ్ నీళ్లలో ముంచబోయాడు. కష్టంలో పాఠం ఉంటే అది పడ్డవాడికే, వాడికి కనపడినప్పుడే. మిగతావాళ్లం పక్కన కూర్చుని పంపు కొట్టి పెట్టాలి.

శ్రోత: ఆ పల్నాడు అబ్బాయి సంగతి విన్నాను అయ్యగారూ. మా తమ్ముడు పోయాడు, పొగాకు అప్పుల్లో. అందుకే ఫోన్ చేశాను. ఆ కుర్రాణ్ణి ఒకసారి మాట్లాడమనండి నాతో.

వ్యాఖ్యాత: తాతా, ఒక్క నిమిషం ఉండండి. మొదట చేసిన అమ్మ ఇంటి నుంచి మళ్లీ లైన్ కలిసింది. ఆవిడ భర్త మాట్లాడతారట. చెప్పండి సోదరా.

శ్రోత: ...వందనాలండీ. రేడియో గట్టు మీదికి తెచ్చి పెట్టింది ఆవిడ. విన్నాను. అన్నం తిన్నాను.

పాస్టరు: సంతోషం నాయనా.

శ్రోత: ఆ పంచర్ల తాత నంబరు ఇప్పిస్తారా అయ్యగారూ?

వ్యాఖ్యాత: ఇప్పిస్తాం. ఇద్దరూ ఫోన్ పెట్టేయకండి.