నీళ్ల సంగతి తేలాకే గునపం పట్టండి

అందరికీ నమస్కారం.

ఇల్లు ఇరుకైపోయింది, పక్కన జాగా లేదు, పైన ఇంకో అంతస్తు వేద్దామంటే పునాది మోయదంటున్నారు, మరి కిందికి తవ్వుకోవచ్చా? ఇరవై ఏళ్లకు పైగా కట్టడాల పనిలో ఉన్న నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇది. నేను వెంటనే అవుననీ కాదనీ చెప్పను. వానలు బాగా పడినప్పుడు మీ ఇంటి కింద నీళ్లు ఎంత లోతులో ఉంటాయి అని ఎదురు అడుగుతాను. గది ఎక్కడ, మెట్లు ఎక్కడ అన్నీ గీసుకుని వచ్చినవాళ్లు కూడా అక్కడ ఆగిపోతారు. ఈరోజు నేను చెప్పేదంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

ముందు ఒక మాట సర్దుకుందాం. మేస్త్రీ దగ్గర బేస్‌మెంట్ అంటే నేల మీది నుంచి గచ్చు దాకా లేపే ఎత్తు అనుకుంటాడు. అందుకని సెల్లార్ అందాం. అయితే పాత సామాన్లు పడేసే సెల్లార్ కాదు నేను చెప్పేది. మనుషులు పడుకునే గది, పిల్లలు కూర్చుని చదువుకునే గది.

నేల కింద బతకడం మనిషికి కొత్తేమీ కాదు. టర్కీలోని డెరింకుయులో మెత్తటి అగ్నిపర్వత రాతిని తొలుచుకుంటూ దాదాపు 85 మీటర్ల లోతు దాకా ఒక ఊరే కట్టారు. ఆస్ట్రేలియాలోని కూబర్ పెడీలో ఎండ తట్టుకోలేక ఇప్పటికీ చాలా కుటుంబాలు గుట్టల్లో తొలిచిన ఇళ్లలోనే ఉంటాయి. పగటికీ రాత్రికీ ఉండే వేడి తేడా మట్టిలో ఒక మీటరు కూడా దిగదు. ఇంకా లోతుకి, పది మీటర్ల దాకా పోతే ఏడాది పొడుగునా దాదాపు ఒకటే వేడి. నేల కింద చల్లగా ఉంటుందనే మాట నిజమే. కానీ ఆ రెండు చోట్లా తొలిచాక తనంతట తాను నిలబడే రాయి ఉంది, వానలు తక్కువ. మెత్తటి ఒండ్రులాంటి మట్టిలో తొలిచిన గుహల సంగతి వేరు. చైనాలోని షాన్‌షీలో 1556లో వచ్చిన భూకంపానికి 8 లక్షల మందికి పైగా చనిపోయారని ఆనాటి లెక్క. అలాంటి గుహలు కూలిపోవడమే ఆ చావులకు పెద్ద కారణం. మనం చేయబోయేది ఇంకా కష్టమైన పని. ఇప్పటికే నిలబడి ఉన్న ఇల్లు, అందులో కాపురం, దాని కింద తవ్వకం.

ఒక చిన్న లెక్క వేద్దాం. 5 మీటర్ల పొడుగు, 4 మీటర్ల వెడల్పు గది కోసం 3 మీటర్లు తవ్వితే 60 ఘనపు మీటర్ల మట్టి. ఘనపు మీటరుకి 1.8 టన్నులు వేసుకున్నా నూరు టన్నుల పైమాటే. తవ్వగానే మట్టి గుల్లబారి 75 ఘనపు మీటర్లు అవుతుంది. ఇన్నాళ్లూ ఆ మట్టే పునాదిని పక్కల నుంచి పట్టుకుని ఉంది. దాన్ని ఒక్కసారిగా తీసేస్తే గోడకి కాళ్లు లేనట్టే.

అందుకే అండర్‌పిన్నింగ్, అంటే పాత పునాది కింద ముక్కలు ముక్కలుగా కొత్త పునాది పోసుకుంటూ పోయే పద్ధతి. గోడ పొడుగునా మీటరు, మహా అయితే మీటరున్నర ముక్కలుగా గుర్తులు పెట్టి నంబర్లు వేస్తారు. ముందు 1, 4, 7 మాత్రమే తవ్వి కాంక్రీటు పోస్తారు. అవి గట్టిపడ్డాకే 2, 5, 8. ఆ తర్వాతే మిగిలినవి. ఒక గుంట తెరిచి ఉన్నప్పుడు దాని రెండు పక్కలా మట్టి గానీ, గట్టిపడిన కాంక్రీటు గానీ ఉండి తీరాలి. ఇందులో చాలామంది పట్టించుకోని పని ఒకటుంది. కొత్త కాంక్రీటును పాత పునాదికి ఆనించి పోయరు. కాంక్రీటు ఆరేటప్పుడు కాస్త కుంగుతుంది కాబట్టి నాలుగు వేళ్ల మందం, సుమారు 75 మిల్లీమీటర్లు, ఖాళీ వదులుతారు. ఒకటి రెండు రోజులు పోయాక ఆ సందులో సిమెంటు, ఇసుక కలిపిన పొడిమాలు కూరి, చెక్కముక్క పెట్టి సుత్తితో దిమ్మిస్తారు. ఆ మాలు పిడికిట్లో నొక్కితే ఉండ కట్టాలి, అరచేతికి మాత్రం తడి అంటకూడదు. ఇంటి బరువు పాత పునాది నుంచి కొత్తదానికి దిగేది ఆ నాలుగు వేళ్ల సందులోంచే. మీరు సైటుకి ఒక్కరోజే వెళ్లగలిగితే ఆ రోజే వెళ్లండి.

ఈ మాట ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నేను పనిలో చేరిన కొత్తలో ఒక ఇంట్లో పొడిమాలు కూరకముందే పక్క ముక్క తెరవనిచ్చాను. త్వరగా తేల్చాలన్న తొందర. తెల్లారి ఆ ఇంటి పెద్దావిడ నన్ను పిలిచి, "బాబూ, రాత్రి పడిన గడియ ఇప్పుడు పడటం లేదు, చూడు" అన్నారు. తలుపు పైన వెంట్రుకంత పగులు. వెంటనే గుంట పూడ్పించి, గోడకి పోట్లు పెట్టించి, వాళ్లని వారం రోజులు వేరేచోట ఉండమన్నాను. అదృష్టం బాగుండి పగులు అక్కడితో ఆగింది. అప్పటి నుంచి ఏ ఇంట్లోనైనా గునపం దిగకముందే ఉన్న పగుళ్లన్నిటి కొసల దగ్గర పెన్సిల్‌తో గీత గీసి తేదీ వేస్తాను. పక్కింటివాళ్ల గోడల మీద కూడా, వాళ్లని అడిగి. గీత దాటిందంటే పని ఆగాల్సిందే. ఆ గుంటల్లో దిగేవాళ్ల ప్రాణాల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఒక ఘనపు మీటరు మట్టి మీద పడటమంటే ఒక కారు మీద పడటమే. అంచులకి ఆనుపు కట్టకుండా ఎవరినీ లోపలికి దించకండి.

ఇక నీళ్లు. ఒక మీటరు ఎత్తు నీళ్లు చదరపు మీటరుకి ఒక టన్ను బరువుతో నెడతాయి. ఊట మీ గచ్చు కంటే 3 మీటర్లు పైకి వచ్చిందంటే, 20 చదరపు మీటర్ల గచ్చును కింది నుంచి 60 టన్నులు పైకి ఎత్తుతున్నట్టు. దాన్ని కాంక్రీటు బరువుతోనే అణచాలంటే మీటరుంపావు మందం పోయాలి. ఖాళీ చేసిన స్విమ్మింగ్ పూల్ వానాకాలంలో నేలలోంచి పైకి లేవడం వినే ఉంటారు, కారణం ఇదే. అందుకే గచ్చును గోడలతో ఇనుము కలిపి కట్టి, పైనున్న ఇంటి బరువునే వాడుకుంటారు.

నీళ్లు లోపలికి రాకుండా మూడు దారులున్నాయి. గోడకి పూత, నీరు దిగని గట్టి కాంక్రీటు, లేదా వచ్చిన నీటిని పట్టి బయటికి పంపే ఏర్పాటు. ఉన్న ఇంటి కింద కట్టేటప్పుడు గోడ బయటి వైపు మనకి అందదు. పూత లోపలే వేయాలి, దాన్ని వెనక నుంచి నీళ్లు నెడుతూనే ఉంటాయి. నా మటుకు నేను ఒక్క పూతని నమ్మను. మంచి కాంక్రీటు పోసి, దాని ముందు బొడిపెలున్న ప్లాస్టిక్ షీటు బిగించి, వెనక కారిన నీరు గచ్చులో తవ్విన చిన్న గుంటలోకి, అంటే సంప్‌లోకి, జారేలా చేయిస్తాను. సంప్‌లో రెండు మోటార్లు, ఒకటి బ్యాటరీ మీద నడిచేది. కుండపోత వాన, కరెంటు కోత ఒకేసారి వస్తాయి కదా. కారడం మొదలయ్యేది ఎక్కువగా గోడా గచ్చూ కలిసే మూలలో, పైపులు దూరే కంతల్లో.

గోడ తడిగా ఉన్నంత మాత్రాన ఊట అనుకోకండి. అరచేయి వెడల్పు ప్లాస్టిక్ ముక్కని నాలుగు వైపులా టేపు వేసి గోడకి అంటించండి. రెండు రోజులాగి చూస్తే, గోడ వైపు నీటి బొట్లుంటే లోపలి నుంచి చెమ్మ. గది వైపు ఉంటే గాలిలోని తేమ చల్లటి గోడ మీద చెమర్చింది. బయట 32 డిగ్రీల వేడి, 70 శాతం తేమ ఉంటే, ఆ గాలి 26 డిగ్రీల దగ్గరే నీరుగా మారుతుంది. మీ గోడ 24 డిగ్రీలుంటే, గాలి ఆడాలని తలుపులు బార్లా తీయడమే బూజుకి కారణమవుతుంది. అలాంటి రోజుల్లో తలుపులు మూసి, గాలిలోని తేమను లాగేసే డీహ్యుమిడిఫైయర్ నడపడమే మేలు.

నేలలోంచి వచ్చే రేడాన్ అనే రేడియోధార్మిక వాయువుకి రంగు లేదు, వాసన లేదు. సిగరెట్ల తర్వాత ఊపిరితిత్తుల క్యాన్సర్‌కి చాలా దేశాల్లో అదే పెద్ద కారణం. ఘనపు మీటరు గాలికి 100 బెకెరెల్ (రేడియోధార్మికతను కొలిచే ప్రమాణం) దాటకుండా చూసుకోమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో చెప్పింది. చిన్న పరికరంతో కొలవొచ్చు. ఎక్కువుంటే గచ్చు కింద పైపు వేసి, ఫ్యాన్‌తో ఇంటి కప్పు పైకి పంపేయొచ్చు. గచ్చు పోయకముందే ఆ పైపు వేసి ఉంచితే పని సులువు. టాయిలెట్ పెడితే అది వీధి డ్రైనేజీ కంటే కిందే ఉంటుంది కాబట్టి, ఎత్తిపోసే మోటారు, వెనక్కి తన్నకుండా వాల్వు తప్పనిసరి.

పడకగది విషయంలో మాత్రం నేను రాజీపడను. మెట్ల మీద పొగ కమ్మితే లోపలున్నవాళ్లు ఎటు పోవాలి? రెండో దారి ఉండాలి, మనిషి దూరి బయటపడగలిగే కిటికీ. అమెరికా ఇళ్ల నియమావళిలో ఈ కిటికీకి కనీసం 20 అంగుళాల వెడల్పు, 24 అంగుళాల ఎత్తు, మొత్తం 5.7 చదరపు అడుగుల ఖాళీ ఉండాలనీ, దాని అడుగు గచ్చు నుంచి 44 అంగుళాలకు మించకూడదనీ ఉంది. భుజాలున్న మనిషి దూరగలిగే కొలత అది. కిటికీ బయట బావిలా తవ్వి, పైకి ఎక్కడానికి మెట్లు బిగించి, అడుగున నీళ్లు పోయే దారి పెట్టాలి. ఆ బావి గోడకి తెల్ల సున్నం వేస్తే గదిలోకి వచ్చే వెలుతురు ఎంత మారిపోతుందో చూస్తే మీకే ఆశ్చర్యం వేస్తుంది. ఇది కుదరని చోట మంచం వేయకండి. పుస్తకాలు పెట్టుకోండి, కుట్టుమిషన్ పెట్టుకోండి.

మరి మొదట ఏం చేయాలి? పెరట్లో ఒక బోరు వేసి మట్టి పరీక్ష చేయించండి. తడికి ఉబ్బి, ఎండకి కుంగే బంకమట్టి అయితే గోడల డిజైనే మారిపోతుంది. ఆ బోరులోనే చిల్లులున్న పైపు దించి మూత పెట్టండి. వారానికోసారి దారానికి బరువు కట్టి లోపలికి వదిలి, తడి ఎక్కడ తగిలిందో కొలిచి రాసుకోండి. ఒక వానాకాలం మొత్తం. ఒక కుటుంబం ఇలాగే రాసిన నోటుబుక్కు తెచ్చి నా ముందు పెట్టింది. వేసవిలో 6 మీటర్లు, జోరు వానల వారంలో మీటరు లోపే. తవ్వొద్దని నేను చెప్పకముందే వాళ్లే నిర్ణయించుకుని వచ్చారు. ఇంకో ఇంటి నోటుబుక్కులో ఏడాదంతా 7 మీటర్ల కిందే ఉంది. ఆ ఇంటి సెల్లార్‌లో ఇప్పుడు ఇద్దరు పిల్లలు వీణ నేర్చుకుంటున్నారు.

ఇక మీ ప్రశ్నలు వింటాను. మీ ఇంటి కొలతలు తెచ్చినవాళ్లుంటే ముందుకి రండి.