నాలుగు కొంటే గాల్లో ఉండేది ఒక్కటే: సముద్ర గస్తీ విమానాల అసలు ఖర్చు

తెర మీద: న్యూజిలాండ్ పటం. ఆరు ఓరియన్ బొమ్మలు చెరిగిపోతాయి. వాటి చోట నాలుగు పీ-8 బొమ్మలు వస్తాయి.

2018 జులైలో న్యూజిలాండ్ ప్రభుత్వం ఓ నిర్ణయం తీసుకుంది. పాతబడిన పీ-3 ఓరియన్ గస్తీ విమానాలు ఆరింటిని పక్కన పెట్టి, బోయింగ్ పీ-8ఏ విమానాలు నాలుగు కొంటామంది. బిల్లు 234 కోట్ల న్యూజిలాండ్ డాలర్ల పైమాటే. దీన్ని నాలుగుతో భాగించి "విమానం ఒక్కోటి 58 కోట్లు" అనేస్తుంటారు. ఆ భాగహారం తప్పు. శిక్షణ పరికరాలు, ఒహాకియా స్థావరంలో కొత్త కట్టడాలు, విమానాన్ని సర్వీసులోకి తెచ్చే ఖర్చు అన్నీ ఆ మొత్తంలోనే ఉన్నాయి.

ఆరు పోయి నాలుగొస్తే చాలా? దానికి జవాబు ఆ నాలుగూ దేన్ని వెతకడానికి అన్నదాన్ని బట్టి ఉంటుంది.

తెర మీద: సగం తెరలో చేపల పడవ, సగం తెరలో నీటి అడుగున సబ్‌మెరైన్.

సముద్రం పైన తేలేవాటిని వెతకడం ఒక పని. దొంగచాటుగా చేపలు పట్టే ట్రాలర్లు, స్మగ్లర్ల పడవలు, తుపానులో దారి తప్పిన మత్స్యకారులు ఇందులోకి వస్తారు. దీనికి మంచి రాడార్, రాత్రిపూట కూడా పనిచేసే కెమెరా, ఓడలు తమ ఉనికిని చెప్పుకొనే ఏఐఎస్ సిగ్నల్ అందుకునే రిసీవర్ ఉంటే చాలు. వీటిని రెండు ఇంజన్ల చిన్న టర్బోప్రాప్ (ప్రొపెల్లర్) విమానంలో కూడా బిగించొచ్చు.

నీటి కింద ఉన్న సబ్‌మెరైన్‌ని పట్టుకోవడం వేరే పని. రాడార్ తరంగాలు నీళ్లలోకి దిగవు. అక్కడ చెవులు పెట్టి వినాలి. డబ్బు మంచినీళ్లలా పోయేది ఇక్కడే.

తెర మీద: సోనోబాయ్ గొట్టం దగ్గరగా. పక్కన కొలతలు.

దీని పేరు సోనోబాయ్. దాదాపు 91 సెంటీమీటర్ల పొడవు, 12 సెంటీమీటర్ల పైచిలుకు వ్యాసం ఉన్న గొట్టం. విమానం నుంచి జారవిడవగానే చిన్న పారాచూట్ తెరుచుకుంటుంది. ఉప్పునీళ్లు తగలగానే బ్యాటరీ పనిచేయడం మొదలెడుతుంది. పైభాగం రేడియో యాంటెన్నాతో నీటి మీద తేలుతుంది. హైడ్రోఫోన్, అంటే నీళ్లలో వినే మైకు, తీగకు వేలాడుతూ కిందికి దిగుతుంది. ఎంత లోతుకు దిగాలి, ఎన్ని గంటలు పనిచేయాలి అన్నది ముందే సెట్ చేస్తారు. గడువు కాగానే గొట్టంలోకి నీళ్లు చేరి మునిగిపోతుంది. తిరిగి తెచ్చుకునేది కాదు, ఒకసారి వాడి వదిలేసేదే.

లోతు సెట్టింగ్ తప్పితే వేసినవన్నీ దండగ. ఎందుకంటే సముద్రంలో పైనీళ్లు వెచ్చగా, కింది నీళ్లు చల్లగా ఉంటాయి. ఆ రెండూ కలిసేచోట శబ్దం వంగిపోతుంది. హైడ్రోఫోన్ ఆ పొరకి పైన, సబ్‌మెరైన్ కింద ఉంటే, దాదాపు నెత్తిమీదే ఉన్నా వినపడకపోవచ్చు. అందుకే తెలిసిన సిబ్బంది ముందు ఉష్ణోగ్రత కొలిచే బాయ్ ఒకటి వేసి, ఆ పొర ఏ లోతులో ఉందో చూసుకుని, తర్వాతే వినే బాయ్‌లు వరసలో జారవిడుస్తారు. మన బంగాళాఖాతంలో ఈ తలనొప్పి ఇంకాస్త ఎక్కువ. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ తెచ్చి పోసే మంచినీళ్లు పైన తేలికైన పొరలా పరుచుకుంటాయి. ఉష్ణోగ్రతతో పాటు ఉప్పదనం కూడా లోతును బట్టి మారుతుంది. ఇంకో సముద్రంలో నేర్చుకున్న సెట్టింగులు ఇక్కడ అలాగే వాడితే కుదరదు.

పీ-8లో వందకు పైగా బాయ్‌లు పడతాయి. సబ్‌మెరైన్ జాడ తగిలిందంటే ఒక్క సార్టీలోనే, అంటే ఒకసారి ఎగిరి తిరిగొచ్చేలోపే, డజన్ల కొద్దీ ఖర్చయిపోతాయి. 2024 ఆగస్టులో అమెరికా మన దేశానికి మూడు రకాల సోనోబాయ్‌ల అమ్మకానికి ఆమోదం తెలిపింది. అంచనా విలువ 5.28 కోట్ల డాలర్లు. ఇది ఏటా బడ్జెట్‌లో కనబడాల్సిన పద్దు. డబ్బు కటకటగా ఉన్నప్పుడు అందరికంటే ముందు కత్తెర పడేదీ దీనికే. బాయ్‌లు లేని పీ-8ని ఖరీదైన రాడార్ మోసుకు తిరిగే బోయింగ్ 737 అనుకోవచ్చు.

తెర మీద: తీరం నుంచి రెండు గీతలు. ఒకటి 600, రెండోది 2,200 కిలోమీటర్లు.

ఇప్పుడు సార్టీల లెక్క. తీరానికి 1,200 నాటికల్ మైళ్ల దూరం, అంటే దాదాపు 2,200 కిలోమీటర్లు వెళ్లి, అక్కడ 4 గంటలు గస్తీ తిరిగి వెనక్కి రాగలదన్నది పీ-8కి చెప్పే లెక్క. గంటకు 800 కిలోమీటర్ల చొప్పున వేసుకుంటే, రానూపోనూ ప్రయాణానికే అయిదున్నర గంటలు పోతాయి. అక్కడ 24 గంటలూ ఒక విమానం ఉండాలంటే రోజుకు ఆరు సార్టీలు. అదే 600 కిలోమీటర్ల దూరమైతే ప్రయాణం గంటన్నరే. గస్తీకి ఏడు గంటల దాకా మిగులుతుంది, మూడు నాలుగు సార్టీలతో సరిపోతుంది. నిఘా అదే, సిబ్బంది అదే. దూరం మారితే ఎగిరే గంటలు మాత్రం దాదాపు రెట్టింపు.

నాలుగు విమానాలున్నాయనుకోండి. ఒకటి భారీ మరమ్మతులో ఉంటుంది. ఇంకోటి రోజువారీ తనిఖీలోనో, కొత్తవాళ్ల శిక్షణలోనో ఉంటుంది. మిగిలిన రెండిట్లో ఒకటి గాల్లో, ఒకటి సిద్ధంగా. రోజుకు ఆరు సార్టీలు వీటితో అయ్యే పని కాదు.

చిన్న పడవల విషయంలో ఇంకో చిక్కు ఉంది. 10,000 అడుగుల ఎత్తు నుంచి రాడార్ దిగంతం, అంటే దాని చూపు ఆగే హద్దు, 220 కిలోమీటర్ల పైనే ఉంటుంది. బ్రోషర్లలో రాసేది ఆ అంకెనే. అలలు లేచిన రోజున చెక్క పడవ దాంట్లో పదో వంతు దూరంలో ఉన్నా కనబడకపోవచ్చు. ఇరువైపులా 20 కిలోమీటర్ల మేర నమ్మకంగా చూడగలదనుకుందాం. గంటకు 450 కిలోమీటర్ల వేగంతో 5 గంటలు తిరిగితే 90,000 చదరపు కిలోమీటర్లు. సముద్రంలో మన దేశానికి హక్కులున్న ప్రత్యేక ఆర్థిక మండలి (ఈఈజెడ్) 20 లక్షల చదరపు కిలోమీటర్ల పైనే. రోజుకో సార్టీ లెక్కన ఒక చుట్టు పూర్తయ్యేసరికి మూడు వారాలు దాటుతుంది. ఈలోగా మొదట చూసిన పడవ ఎక్కడికో వెళ్లిపోయి ఉంటుంది.

తెర మీద: ఉడ్‌ఫోర్డ్ కర్మాగారంలో ముక్కలైన నిమ్రాడ్.

ఆదా చేయబోయి రెండింతలు పోగొట్టుకున్న వాళ్ల సంగతి. 1996లో బ్రిటన్ తన పాత గస్తీ విమానాలైన నిమ్రాడ్‌లకే కొత్త రెక్కలు, కొత్త ఇంజన్లు వేసి ఎంఆర్ఏ-4గా మారుద్దామనుకుంది. మొత్తం 21 విమానాలు. తీరా చూస్తే 1960ల నాటి ఆ విమానాల్లో ఏ రెండు బాడీల కొలతలూ సరిగ్గా ఒకేలా లేవు. కంప్యూటర్ గీతల ప్రకారం తయారైన కొత్త రెక్కలు వాటికి సరిగా కూర్చోలేదు. ఏళ్లు గడిచాయి, 21 కాస్తా 9కి పడిపోయింది. 2010 అక్టోబరులో ప్రాజెక్టే రద్దయింది. అప్పటికి 300 కోట్ల పౌండ్లకు పైగా ఖర్చయిపోయింది. తర్వాత స్కాట్లాండ్ తీరంలో సబ్‌మెరైన్ అనుమానం వచ్చినప్పుడల్లా మిత్రదేశాల విమానాలను పిలిపించుకోవాల్సి వచ్చింది. మొదటి పీ-8 వచ్చింది 2020లో.

ఆ పదేళ్లలో బ్రిటన్ చేసిన ఒక తెలివైన పని మాత్రం చెప్పుకోవాలి. సీడ్‌కార్న్ అనే పథకం కింద తమ గస్తీ సిబ్బందిలో కొందరిని అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ విమానాల్లో పనికి పంపింది. బాయ్ నుంచి వచ్చే శబ్దం విని అది ట్రాలరా, తిమింగలమా, సబ్‌మెరైనా అని తేల్చగలిగే మనిషి తయారవ్వాలంటే ఏళ్లు పడుతుంది. సిబ్బందిని చెదరగొట్టేశాక విమానాలు కొని లాభం లేదు.

జర్మనీది కాస్త చిన్న దెబ్బ. డబ్బు మిగుల్చుకోవడానికి నెదర్లాండ్స్ వదిలించుకున్న ఓరియన్లలో ఎనిమిదింటిని కొంది. వాటిని ఆధునికీకరించే పని మొదలుపెట్టి, 2020లో ఇక లాభం లేదని ఆపేసి, 2021లో అయిదు పీ-8లు ఆర్డర్ చేసింది. 2023లో ఇంకో మూడు. ఓరియన్‌లో అసలు బలహీనత ఇంజన్ కాదు. ఆ టీ-56 ఇంజన్ పాత సీ-130 రవాణా విమానాల్లోనూ ఉంది కాబట్టి స్పేర్లు ఇంకా దొరుకుతాయి. సమస్యంతా రెక్కలతో. కిందికి దిగి, ఉప్పుగాలిలో కుదుపుల మధ్య ఎగిరీ ఎగిరీ లోహం అలసిపోతుంది. 2007 డిసెంబరులో అమెరికా నౌకాదళమే రెక్కల అలసట వల్ల 39 ఓరియన్లను నేలకు దించేసింది. సెకండ్‌హ్యాండ్ కొనేవాళ్లు ముందు అడగాల్సింది రెక్కలు ఎన్ని గంటలు ఎగిరాయి, ఎప్పుడు మార్చారు అని. రంగు, కాక్‌పిట్ తెరలు తర్వాత చూసుకోవచ్చు.

తెర మీద: ఫిలిప్పీన్స్, అర్జెంటీనా, మలేషియా జెండాలు.

అలాగని చవక దారులన్నీ తప్పుడువి కావు. జపాన్ తన నౌకాదళం శిక్షణకు వాడిన టీసీ-90 చిన్న విమానాలు అయిదింటిని ఫిలిప్పీన్స్‌కు ముందు అద్దెకు, 2018లో ఉచితంగా ఇచ్చేసింది. వాటిలో సబ్‌మెరైన్ వేట పరికరాలేవీ లేవు. దక్షిణ చైనా సముద్రంలో వివాదం నడుస్తున్న స్కార్‌బరో షోల్ దగ్గర ఎవరి ఓడలు తిరుగుతున్నాయో వెళ్లి చూడటానికి ఆ పరికరాలు అక్కర్లేదు కూడా. అర్జెంటీనా నార్వే దగ్గర నాలుగు పాత ఓరియన్లు దాదాపు 6.7 కోట్ల డాలర్లకు తీసుకుంది. మలేషియా 2023లో ఏటీఆర్-72 మీద కట్టిన గస్తీ విమానాలు రెండు ఆర్డర్ చేసింది. అవే ఏటీఆర్‌లు ప్రయాణికులతో ఊళ్ల మధ్య తిరుగుతుంటాయి కాబట్టి మెకానిక్‌లు, టైర్లు, ప్రొపెల్లర్ భాగాలు ఎక్కడైనా దొరుకుతాయి. జపాన్ సొంతంగా చేసుకున్న పీ-1 మంచి విమానమే. కానీ నాలుగు ఇంజన్లు, అవీ వేరే ఏ విమానానికీ లేని ఇంజన్లు. జపాన్ తప్ప ఇంకెవరూ కొనలేదు.

తెర మీద: విశాఖ బీచ్ రోడ్డులో టీయూ-142. తర్వాత అరక్కోణంలో పీ-8ఐ.

మన నౌకాదళంలోని పాత రష్యన్ గస్తీ విమానాలు టీయూ-142లు 2017లో రిటైరయ్యాయి. ఒకటి విశాఖలో మ్యూజియంగా ఉంది. ఎనిమిది ప్రొపెల్లర్లు ఒక్కసారి దగ్గర నుంచి లెక్కపెట్టండి, ఆ కాలంలో నిర్వహణ ఎంత పనో తెలుస్తుంది. వాటి బదులు అరక్కోణంలోని నౌకాదళ స్థావరం ఐఎన్ఎస్ రాజాలికి పీ-8ఐలు, అంటే పీ-8లో మన దేశం కోసం చేసిన రకం, 2013 నుంచి వచ్చాయి. ఇప్పుడు పని పంపకం ఇలా సాగుతోంది: తీరానికి దగ్గరగా చిన్న డోర్నియర్ విమానాలు, సబ్‌మెరైన్ వేటకు పీ-8ఐలు, గంటల తరబడి పైనుంచి చూస్తూ ఉండటానికి సీగార్డియన్ డ్రోన్లు. 2020లో రెండు డ్రోన్లు లీజుకు తెచ్చి వాడి చూశాకే, 2024 అక్టోబరులో 31 డ్రోన్లకు ఒప్పందం కుదిరింది. అందులో 15 నౌకాదళానివి. లీజులోని ఒకటి ఆ సెప్టెంబరులోనే చెన్నై దగ్గర సముద్రంలో పోయింది. డోర్నియర్లకూ పీ-8ఐలకూ మధ్య శ్రేణిలో ఉన్న ఖాళీని నింపడానికి సీ-295 రవాణా విమానం ఆధారంగా నౌకాదళానికి 9, తీర రక్షక దళానికి 6 అనుకున్నారు. ఆ విమానాల భాగాలు హైదరాబాద్‌లోని టాటా కర్మాగారంలో తయారై వడోదరకు వెళ్తాయి.

ధర విషయానికొస్తే, 2009లో ఎనిమిది పీ-8ఐలకు దాదాపు 210 కోట్ల డాలర్లు పెట్టారు. అదే ఒప్పందంలో మరో నాలుగు కొనుక్కునే ఆప్షన్ రాయించుకున్నారు. 2016లో దాన్ని వాడుకుని నాలుగూ సుమారు 100 కోట్ల డాలర్లకు తీసుకున్నారు. ఆప్షన్ అయిపోయాక, 2021లో ఇంకో ఆరింటికి అమెరికా ప్రకటించిన అంచనా 242 కోట్ల డాలర్లు. అందులో స్పేర్లు, పరికరాలు కలిసి ఉన్నాయి, పైగా అది గరిష్ఠ అంచనా, నిజమే. అయినా మొదటి ఒప్పందం మీద సంతకం పెట్టేరోజే, తర్వాత కావాల్సిన విమానాలకు ధర కట్టే సూత్రం రాయించుకుని, ఆ గడువు ఎంత సాగితే అంత సాగదీయించుకోవాలి. బేరమాడే బలం కొనేవాడి చేతిలో ఉండేది ఆ రోజే.