డిగ్రీలో ఆ ‘మిగతా’ పేపర్లు

శ్రోతలకు నమస్కారం.

ఇంటర్ ఫలితాలు వచ్చాక అమలాపురంలోనైనా, భీమవరంలోనైనా ఇళ్లలో చర్చంతా మేజర్ గురించే, అంటే డిగ్రీలో ప్రధానంగా చదివే సబ్జెక్టు గురించే. బీకామా, కెమిస్ట్రీయా, కంప్యూటర్సా? దాని పక్కన మరికొన్ని పేపర్లు ఉంటాయని సీటు వచ్చాక గానీ చాలామందికి తెలియదు. తెలిశాక వచ్చే మొదటి మాట: “మా వాడికి ఇవన్నీ దేనికండీ?”

ఫీజు కట్టేవారు అడగవలసిన ప్రశ్నే. విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) 2022 డిసెంబరులో ప్రకటించిన విధానంలో మూడేళ్ల డిగ్రీకి కనీసం 120 క్రెడిట్లు, అంటే చదువును కొలిచే యూనిట్లు. మేజర్‌కు 60, రెండో సబ్జెక్టయిన మైనర్‌కు 24. మిగిలిన 36లో భాషలు, నైపుణ్యాలు, పర్యావరణం వంటి ఉమ్మడి పాఠాలు, వేసవి ఇంటర్న్‌షిప్ పోగా, ఇతర శాస్త్రాల పరిచయానికి 9 ఉంచారు. ఒక క్రెడిట్‌కు 15 గంటల పాఠం చొప్పున అది 135 గంటలు. విశ్వవిద్యాలయాలు తమ వీలును బట్టి కొంత మార్చుకుంటాయి. ఈ ఆలోచన నిన్న మొన్నటిది కూడా కాదు. ఒకప్పుడు ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపకులపతిగా పనిచేసిన సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతన 1948లో ఏర్పడిన కమిషనే డిగ్రీలో సాధారణ విద్య ఉండాలని చెప్పింది.

మరి ఆ 135 గంటలతో ఒరిగేదేమిటి? బీకాం చదివే కుర్రవాడు ఇంట్లో రొయ్యల చెరువు లెక్కలు రాస్తున్నాడనుకోండి. మేత ఖర్చు అర్థమవుతుంది. కరెంటు బిల్లు అంత ఎందుకు వస్తుందో? పగలు నీటిలోని సన్నని నాచు ఎండ తగిలి ప్రాణవాయువు వదులుతుంది. రాత్రి అదే నాచు రొయ్యలతో పాటు ఆ వాయువును పీల్చుకుంటుంది. తెల్లవారేముందు నీటిలో ప్రాణవాయువు బాగా పడిపోతుంది. నీటిలోకి గాలి కలిపే ఏరియేటర్లు రాత్రంతా తిరిగేది అందుకే. మబ్బు పట్టిన రోజున ముప్పు మరీ ఎక్కువ. ఒక్క జీవశాస్త్రం పేపరు చదివితే ఆ ఖర్చు ఎక్కడ తగ్గించవచ్చో, ఎక్కడ తగ్గిస్తే కొంప మునుగుతుందో ఆ కుర్రవాడికే తెలుస్తుంది. అలాగే కెమిస్ట్రీ అమ్మాయి శివారు పొలంలో మట్టి తెచ్చి ఉప్పు శాతం కొలవగలదు. కాలువ నీరు అక్కడిదాకా ఎందుకు రావడం లేదన్నది మాత్రం పరీక్షనాళికలో తేలదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి నీటి పంపకం ఎలా సాగిందో చదవాలి.

యూజీసీ పెట్టిన ఒక షరతు నాకు నచ్చింది. మేజర్, మైనర్ దారిలో ఇంటర్‌లోనే చదివేసిన కోర్సును ఈ 9 క్రెడిట్లకు మళ్లీ తీసుకోకూడదు. తెలిసిన పాఠంతో సులువుగా మార్కులు కొట్టేద్దామనే వారికి ఇది చేదుగానే ఉంటుంది.

నా కోపం పేపర్ల మీద కాదు, వాటిని నడిపే తీరు మీద. పర్యావరణ విద్యను తప్పనిసరి చేయాలని సుప్రీంకోర్టు 1991లోనే ఆదేశించింది. ఇన్నేళ్లయినా చాలాచోట్ల ఆ పేపరంటే పరీక్షకు ముందు చేతికొచ్చే గైడే. కాకినాడ పక్కన కోరింగ మడ అడవులు పెట్టుకుని, మడ చెట్టు బొమ్మను పుస్తకంలో చూపిస్తారా?

కాబట్టి తల్లిదండ్రులారా, కాలేజీలో చేరేటప్పుడు హాస్టలు, బస్సు సంగతులతో పాటు ఇవీ అడగండి. ఆ 9 క్రెడిట్లకు మీ దగ్గర ఏ పేపర్లున్నాయి? ఒకటే ఇచ్చి తీసుకోమంటారా, ఎంచుకోనిస్తారా? పాఠం చెప్పేది ఆ సబ్జెక్టు చదివినవారేనా, ఆ గంటకు ఖాళీగా దొరికినవారా?

సెలవు.