చప్పట్ల కంటే ముందు ఒక ప్రశ్న

సభాధ్యక్షులు మాస్టారికి, వేదిక మీది పెద్దలకు, ట్యూషన్ ఎగ్గొట్టి వచ్చిన పిల్లలకు నమస్కారం. అందరినీ పేరుపేరునా తలుచుకోవడం మర్యాదే. కానీ నాకంటే ముందు మాట్లాడినవాళ్ళు ఆ పని చేసేశారు, మళ్ళీ మొదలుపెడితే గ్రంథాలయం మూసే వేళవుతుంది.

కరపత్రంలో నా ప్రసంగానికి 'చిన్న దేశం, పెద్ద ఆట' అని పేరు వేశారు. ఐస్‌లాండ్ ఫుట్‌బాల్ గురించి చెప్పమన్నారు. తప్పకుండా చెప్తాను. కాకపోతే 2016లో ఆ దేశానికి జరిగిందంతా యూరో ఫుట్‌బాల్ టోర్నీ ఆడిన జూన్‌లోనే జరగలేదు. ఏప్రిల్ ఒకటుంది, అక్టోబర్ ఒకటుంది. ఏప్రిల్ సంగతి చెప్పకుండా నేను జూన్‌కి కదలను. ఇది నా పాత గొడవ. మా పత్రిక డెస్క్‌లో పనిచేసినవాళ్ళకి తెలుసు, వాళ్ళలో ఒకాయన మూడో వరసలో కూర్చుని నవ్వుతున్నాడు కూడా.

ముందు కొలత చెప్తాను. అప్పట్లో ఆ దేశం జనాభా సుమారు 3,30,000. మన కాకినాడలో ఉన్నంతమంది. వాళ్ళకే పార్లమెంటు, టీవీ, బ్యాంకులు, జాతీయ జట్టు అన్నీ ఉన్నాయి. 2008లో ఆ బ్యాంకులు కుప్పకూలితే దేశం దివాలా అంచుకు వెళ్ళింది. జనం గిన్నెలు, గరిటెలు మోగిస్తూ 2009లో ప్రభుత్వాన్ని దింపేశారు. ఆ కోపం మీదే రాజకీయాల్లో పైకొచ్చినవాడు సిగ్మందర్ డేవిడ్ గన్‌లాగ్సన్. బ్యాంకులకు అప్పులిచ్చిన విదేశీయుల మీద గట్టిగా నిలబడతానని చెప్పి 2013లో ప్రధాని అయ్యాడు.

పేర్లు విని కంగారుపడకండి. నేను చెప్పబోయేవాళ్ళలో చాలామంది ఏదో ఒక 'సన్'. అన్నదమ్ములేం కారు. వాళ్ళలో చాలామందికి ఇంటిపేరు ఉండదు, తండ్రి పేరుకి 'కొడుకు' అనో 'కూతురు' అనో తగిలిస్తారు. దేశాధ్యక్షుణ్ణి కూడా మొదటి పేరుతోనే పిలుస్తారు. సరే, దారి తప్పాను.

2016 మార్చిలో స్వీడన్ టీవీ నుంచి స్వెన్ బెర్గ్‌మన్ అనే విలేఖరి వచ్చి ప్రధానిని ఇంటర్వ్యూ చేశాడు. మర్యాదగా మొదలుపెట్టాడు. పన్నుల గురించి, సమాజానికి ఎవరి వాటా వాళ్ళు కట్టడం గురించి అడిగాడు. ప్రధాని హాయిగా జవాబులు చెప్పాడు. అప్పుడు అడిగాడు: విన్‌ట్రిస్ అనే కంపెనీ గురించి ఏమైనా చెప్తారా?

పిల్లలూ, ఇంటికెళ్ళాక ఆ వీడియో చూడండి. ఆ మొహం చూడండి. పన్నులు సరిగ్గానే కట్టామంటాడు, మాట తడబడుతుంది, ఇదేం ప్రశ్న అంటాడు. పక్కనే ఉన్న ఐస్‌లాండ్ విలేఖరి జొహానెస్ క్రిస్ట్యాన్సన్ ఐస్‌లాండిక్‌లో అదే ప్రశ్న అందుకున్నాడు. ప్రధాని లేచి వెళ్ళిపోయాడు.

విన్‌ట్రిస్ పన్నుల బెడద లేని బ్రిటిష్ వర్జిన్ ఐలండ్స్‌లో పెట్టిన కంపెనీ. ఆయనకూ భార్యకూ చెరిసగం. 2009 డిసెంబర్ 31న తన సగం ఆమెకు ఒక డాలర్‌కి అమ్మేశాడు. కొత్త పన్ను చట్టం మర్నాటి నుంచి అమల్లోకి వచ్చింది. తేదీ గమనించారా? పైగా ఆ కంపెనీకి కూలిపోయిన బ్యాంకులే బాకీ. అంటే బ్యాంకుల అప్పులవాళ్ళతో దేశం తరఫున బేరమాడే మనిషి ఇంట్లోనే ఒక అప్పులవాడు ఉన్నాడు. చట్టం తప్పలేదని ఆయన అన్నాడు, అనవచ్చు. చెప్పలేదు కదా అన్నది జనం అడిగింది.

జొహానెస్ గురించి కూడా చెప్పాలి. ఆయన వెనక పెద్ద పత్రిక ఏదీ లేదు. నెలల తరబడి ఇంట్లో కూర్చుని, కిటికీలు కప్పేసుకుని, పనామా పత్రాల్లో, అంటే పనామాలోని ఒక న్యాయ సంస్థ నుంచి లీకైన రహస్య కంపెనీల కాగితాల్లో, తన దేశం పేర్లు వెతికాడు. ఆ పత్రాలు మొత్తం కోటీ 15 లక్షలు. అంత చిన్న దేశంలో నోరు జారితే సాయంత్రానికల్లా ఆ మాట ప్రధాని ఇంటికి చేరుతుంది. సంపాదన లేదు, ఎవరికీ చెప్పుకోవడానికి లేదు. ఈ టెన్షన్ ఎలాంటిదో వార్తల్లో పనిచేసినవాళ్ళకే తెలుస్తుంది.

ఏప్రిల్ 3 ఆదివారం అది టీవీలో వచ్చింది. సోమవారం పార్లమెంటు ముందున్న ఆస్టుర్వోత్లుర్ చౌక్ నిండిపోయింది. 22 వేల మందికి పైగా వచ్చారని నిర్వాహకులు చెప్పారు. అంటే దేశంలో ప్రతి పదిహేను మందిలో ఒకరు! పార్లమెంటు భవనం మీద గుడ్లు, పెరుగు విసిరారు. మంగళవారం ప్రధాని అధ్యక్షుడి దగ్గరికి వెళ్ళి పార్లమెంటు రద్దుకు ఒప్పుకోమంటే ఆయన ఒప్పుకోలేదు. సాయంత్రానికి ప్రధాని తప్పుకుంటున్నాడని పార్టీ చెప్పింది. తమాషా ఏమిటంటే, విదేశీ విలేఖరులకు పంపిన ప్రకటనలో మాత్రం ఆయన రాజీనామా చేయలేదనీ, కొంతకాలం ఇంకొకరికి బాధ్యత ఇస్తున్నాడనీ రాశారు.

ఇక నా గొడవకి వస్తాను. నేను అప్పుడు ఒక పత్రికలో అంతర్జాతీయ పేజీ చూసేవాణ్ణి. ఏ పత్రిక అని అడగొద్దు. ఆ ఇంటర్వ్యూ వార్తకి నాకు దొరికింది లోపలి పేజీలో ఒక కాలమ్. కింద చెప్పుల షాపు ప్రకటన. పనామా పత్రాల్లో మనవాళ్ళ పేర్లు ఉన్నాయి కాబట్టి ఆ రోజు వాటికే చోటు, కాదనను. కానీ జూన్‌లో ఐస్‌లాండ్ అభిమానులు స్టేడియంలో అందరూ ఒకేసారి కొట్టిన చప్పట్లకి మొదటి పేజీలో రంగుల బొమ్మ వేశారు. చిన్న దేశమైనా ఎంత క్రమశిక్షణో అని సంపాదకీయం కూడా! అదే జనం రెండు నెలల కిందట పెరుగు విసిరినప్పుడు ఆ క్రమశిక్షణ మనకెందుకు కనపడలేదు? నేను అడిగితే, 'ఆటలో రాజకీయాలెందుకండీ' అన్నారు.

సరే, ఆట. యూరప్ దేశాల జట్లు ఆడే యూరో టోర్నీకి ఐస్‌లాండ్ రావడం అదే మొదటిసారి. పోర్చుగల్‌తో 1-1, హంగరీతో 1-1, ఆస్ట్రియా మీద ఆఖరి క్షణాల్లో గోల్ కొట్టి 2-1. కోచ్‌లు ఇద్దరు. లార్స్ లాగర్‌బాక్ స్వీడన్ మనిషి. రెండో ఆయన హైమిర్ హాల్‌గ్రిమ్సన్ దంత వైద్యుడు. గోల్‌కీపర్ హానెస్ హాల్డోర్సన్ సినిమా, వీడియోల దర్శకుడు. ఇది అద్భుతం కాదు. 2000 తర్వాత వాళ్ళు మంచులోనూ ఆడుకునేలా కప్పు ఉన్న మైదానాలు కట్టారు, చిన్నపిల్లలకి కూడా శిక్షణ పొందిన కోచ్‌లను పెట్టారు. మున్సిపల్ చైర్మన్ గారు సభలో ఉన్నారు, అందుకే ఈ మాట కొంచెం నెమ్మదిగా చెప్తున్నాను. మన హైస్కూలు గ్రౌండ్‌లో ఏడాదికి ఎన్ని నెలలు ఎగ్జిబిషన్ ఉంటుందో పిల్లల్ని అడగండి.

జూన్ 27న నీస్‌లో ఇంగ్లండ్‌తో ఆట. నాలుగో నిమిషంలో రూనీ పెనాల్టీ గోల్. ఆరో నిమిషంలో రాగ్నర్ సిగుర్డ్సన్ సమం చేశాడు. పద్దెనిమిదో నిమిషంలో కోల్‌బెయిన్ సిగ్‌థోర్సన్. అంతే, 2-1. ఆట ముగిసిన కాసేపటికే ఇంగ్లండ్ కోచ్ రాయ్ హాడ్జ్‌సన్ రాజీనామా చేశాడు. ఫుట్‌బాల్‌లో రాజీనామా ఎంత తేలికో చూడండి! తర్వాత ఫ్రాన్స్ చేతిలో 5-2. ఆ చప్పట్లకి వాళ్ళ పూర్వీకులైన సముద్ర యోధుల పేరు మీద వైకింగ్ అని పేరు పెట్టారు గానీ, స్కాట్లాండ్‌లోని మదర్‌వెల్ అభిమానుల దగ్గర నేర్చుకున్నారని చెబుతారు.

ఇంగ్లండ్ ఆటకు రెండు రోజుల ముందే వాళ్ళు కొత్త అధ్యక్షుణ్ణి ఎన్నుకున్నారు. ఇరవై ఏళ్ళుగా ఉన్న ఒలఫుర్ రాగ్నర్ గ్రిమ్సన్ స్థానంలో, ఏ పార్టీకీ చెందని చరిత్ర అధ్యాపకుడు గుద్ని జోహానెస్సన్, 39 శాతం ఓట్లతో. రెండో స్థానంలో వచ్చిన హల్లా టోమస్‌డోట్టిర్‌ని మరిచిపోకండి. 2024లో ఆమె గెలిచింది.

అమ్మాయిలూ, మీకోసం ఒకటి. అక్టోబర్ 24 మధ్యాహ్నం 2 గంటల 38 నిమిషాలకు అక్కడి ఆడవాళ్ళు పని ఆపి వీధిలోకి వచ్చారు. మగవాళ్ళ జీతంతో పోలిస్తే ఆ నిమిషం తర్వాత తాము ఊరికే పనిచేస్తున్నట్టని లెక్క. ఆ తర్వాత ఐదు రోజులకే ఎన్నికలు. 63 మంది సభ్యుల పార్లమెంటుకి 30 మంది మహిళలు గెలిచారు.

మరి ఏప్రిల్ కోపం ఏమైంది? గెలుస్తుందన్న కొత్త పార్టీ, పైరేట్ పార్టీకి, 10 సీట్లే వచ్చాయి. అన్నిటికంటే ఎక్కువ, 21 సీట్లు, పాత ఇండిపెండెన్స్ పార్టీకే. దాని నాయకుడు బయార్ని బెనెడిక్ట్సన్ పేరు కూడా పనామా పత్రాల్లో ఉంది. 2017 జనవరిలో ఆయనే ప్రధాని అయ్యాడు. ఇంటర్వ్యూ నుంచి లేచిపోయిన సిగ్మందర్? తన నియోజకవర్గంలో మళ్ళీ గెలిచాడు, మరుసటి ఏడు సొంత పార్టీ పెట్టాడు, ఇప్పటికీ రాజకీయాల్లో ఉన్నాడు. 'చూశారా, మీ వార్తకి ఫలితం ఏముంది' అని మా ఎడిటర్ గారు అన్నారు. అదే పని చేసిన జొహానెస్‌ని అడగాల్సింది ఆ మాట, నన్ను కాదు.

అధ్యక్షులు గడియారం చూస్తున్నారు. ప్రశ్నలుంటే అడగండి. ఫుట్‌బాల్ మీద ఒక్కటే తీసుకుంటాను, మిగతావన్నీ ఏప్రిల్ మీద.