ఇంటర్వ్యూలు అయిపోయాయి, థీములు ఎలా? (ఫోన్-ఇన్ కార్యక్రమం)

యాంకర్: పరిశోధన కోసం చేసిన ఇంటర్వ్యూల నుంచి థీములు, అంటే వాటన్నిటినీ కలిపి చూస్తే తేలే ముఖ్యమైన అర్థాలు, ఎలా కట్టాలో ఈ రోజు మాట్లాడుకుంటున్నాం. గోపాల్‌పూర్ నుంచి కాలర్. చెప్పండమ్మా.

కాలర్: నమస్తే మేడమ్. బరంపురంలో పీహెచ్‌డీ చేస్తున్నాను. 2013 ఫైలిన్ తుఫాను మీద మా మత్స్యకార ఆడవాళ్ళతో మాట్లాడాను. అంతా కాగితం మీద పెట్టేశాను. మా అత్తగారైతే రెండు గంటలు మాట్లాడారు, సగం నా మీద ఫిర్యాదులే... థీములు ఎన్ని రావాలి మేడమ్?

నిపుణురాలు: లెక్క తర్వాత. ఏమేం పెట్టారు?

కాలర్: నష్టం, ప్రభుత్వ సాయం, అప్పులు, ఆరోగ్యం.

నిపుణురాలు: ఇవి మీరడిగిన ప్రశ్నలేగా?

కాలర్: ...అవును మేడమ్.

నిపుణురాలు: అందరూ అక్కడే పడుతున్నారు. ప్రశ్నల్నే తిప్పి రాస్తే థీమ్ కాదు. సాయం గురించి ఒక మాట చదవండి.

కాలర్: "బియ్యం ఇచ్చారు, టార్పాలిన్ ఇచ్చారు. వల సంగతి అడిగితే ఎవరూ పలకలేదు." అప్పుల కింద ఇంకొకావిడ, "వలకు షావుకారు డబ్బిచ్చాడు, చేప వాడికే వేయాలి."

నిపుణురాలు: మొదటిదానికి కోడ్, అంటే ఆ మాట సారం చెప్పే చిన్న పేరు, 'తిండికి సాయం, వలకు లేదు'. రెండోది 'వల అప్పు, చేపకు బేరం లేదు'. మీరు రెంటినీ విడగొట్టి చెరో అరలో పడేశారు. కలిపి చూడండి: సాయం కడుపు వరకే వచ్చింది, మళ్ళీ వేటకు వెళ్ళడానికి షావుకారే దిక్కయ్యాడు. ఇదీ థీమ్! దీన్ని ఎవరైనా కాదనొచ్చు, వాదించొచ్చు. 'ప్రభుత్వ సాయం' అంటే కాదనడానికి ఏముంది?

కాలర్: అర్థమైంది మేడమ్. మరి ఎన్ని? గైడ్ గారు ఆరు అన్నారు.

నిపుణురాలు: (నవ్వుతూ) ఆరు దశలమ్మా, థీములు కాదు! ఈ పద్ధతిని థీమాటిక్ అనాలిసిస్ అంటారు, ఆ దశలు బ్రౌన్, క్లార్క్ అనే ఇద్దరు పరిశోధకులు 2006లో రాసినవి. డేటా బాగా చదువుకోవడం, కోడ్లు వేయడం, థీములు అల్లడం, వాటిని డేటాతో సరిచూడటం, పేర్లు పెట్టడం, రాయడం. మధ్యలో వెనక్కీ వెళ్తారు. కోడింగ్ ఎగ్గొట్టి మూడోదానికి దూకొద్దు. 'థీములు బయటపడ్డాయి' అని అసలు రాయకండి. వాటంతటవి రావు, కట్టేది మీరు.

కాలర్: అత్తగారి ఇంటర్వ్యూ తీసేయనా?

నిపుణురాలు: ఎందుకమ్మా? మీరు కోడలు కాబట్టి ఆవిడ ఏం చెప్పారో, ఏం దాటేశారో అదీ రాయండి.

యాంకర్: థాంక్యూ అమ్మా. పర్లాకిమిడి, క్లుప్తంగా.

కాలర్: సాఫ్ట్‌వేర్ కొనాలా మేడమ్?

నిపుణురాలు: అక్కర్లేదు. ఎక్సెల్ చాలు, రంగు పెన్నులైనా చాలు. ఆలోచించేది మీరే. ముందు చదవండి.

యాంకర్: రాయగడ... సార్, టీవీ సౌండ్ తగ్గించండి.

కాలర్: ఇద్దరం కోడింగ్ చేశాం, కప్పా, అంటే మా ఇద్దరి కోడ్లు ఎంతవరకు కలిశాయో చెప్పే అంకె, తక్కువొచ్చింది. టెన్షన్‌గా ఉంది.

నిపుణురాలు: ఏ పద్ధతి? బ్రౌన్, క్లార్క్‌లదైతే కప్పా అడగరు. ఇద్దరూ ఎక్కడ వేరుగా చదివారో కూర్చుని మాట్లాడుకోండి. ముందే కోడ్ల జాబితా పెట్టుకునే కోడ్‌బుక్ పద్ధతైతే...

యాంకర్: సారీ మేడమ్, టైమ్ అయిపోయింది.