బియాన్సే దెబ్బకు కంట్రీ అవార్డు రెండు ముక్కలైందా? డల్లాస్ స్టూడియో చర్చ

(అమెరికాలో సంగీతానికిచ్చే గ్రామీ అవార్డుల్లో, పల్లె పాటల్లోంచి పుట్టిన కంట్రీ సంగీతానికిచ్చే ‘ఉత్తమ కంట్రీ ఆల్బమ్’ను సంప్రదాయ, సమకాలీన అని రెండుగా విడదీస్తున్నట్టు 2025 జూన్‌లో ప్రకటన వచ్చాక జరిగిన చర్చ ఇది. యాంకర్‌తో పాటు పాల్గొన్నవాళ్లు ముగ్గురు: గిటార్ నేర్పే మాస్టారు, సంగీత చరిత్ర పాఠాలు చెప్పే మేడమ్, పెళ్లిళ్లకూ పార్టీలకూ వాయించే డీజే. అందరూ ఒకేసారి మాట్లాడిన చోట వినపడినంత వరకే రాశాం.)

యాంకర్: నమస్కారం. ఫిబ్రవరిలో మన హ్యూస్టన్ ఆడపడుచు, పాప్ స్టార్ బియాన్సే ‘కౌబాయ్ కార్టర్’కి ఉత్తమ కంట్రీ ఆల్బమ్ గ్రామీ కొట్టింది. ఆ అవార్డు అందుకున్న తొలి నల్లజాతి కళాకారిణి. నాలుగు నెలలు తిరిగేసరికి అదే అవార్డును రెండు ముక్కలు చేశారు. ఇది కక్షా, కాకతాళీయమా? అసలు 2024 కంట్రీ సంగీతానికి మంచి ఏడాదేనా? ముగ్గురికీ సమానంగా టైమ్ ఇస్తాను, ముందే చెబుతున్నా. మేడమ్, మీరు మొదలుపెట్టండి.

మేడమ్: నమస్తే అండీ. కక్ష అని తేల్చేయడం తొందరపాటు. కంట్రీ వాళ్లే అడిగారని, ఈ ప్రతిపాదన ఇంతకుముందు కూడా వచ్చిందని గ్రామీలిచ్చే అకాడమీ అంటోంది. బ్లూస్‌లో సంప్రదాయ విభాగం ఎప్పటినుంచో ఉంది కూడా. కాకపోతే టైమింగ్ చూస్తే మాత్రం...

మాస్టారు: ఇదిగో, మొదలైంది. టైమింగ్ అంటూ మొదలుపెడితే దేన్నైనా కుట్ర చేసేయొచ్చు మేడమ్. నేను సూటిగా చెబుతా. 2024 మార్చిలో ఆవిడే ఇన్‌స్టాలో రాసింది, ఇది కంట్రీ ఆల్బమ్ కాదు, బియాన్సే ఆల్బమ్ అని. ఎవరు రాశారు? ఆవిడే! తనే కాదన్నాక కంట్రీ వాళ్లు నెత్తిన పెట్టుకోలేదని ఏడుపెందుకు? కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్, అదే సీఎంఏ వాళ్లు ఒక్క నామినేషన్ కూడా ఇవ్వలేదు, సరే, వాళ్ల సంఘం, వాళ్ల సభ్యులు, వాళ్ల ఓట్లు...

డీజే: మాస్టారూ, ఆ పోస్టు మొత్తం చదివారా? కొన్నేళ్ల కిందట తనను రానివ్వని అనుభవం నుంచి ఈ ఆల్బమ్ పుట్టిందని కూడా అందులోనే...

మాస్టారు: చదివాను తమ్ముడూ, అంతా చదివాను.

యాంకర్: ఒక్క నిమిషం, ఒక్క నిమిషం. నాకు ఇందులో వేరే కోణం కనిపిస్తోంది. బియాన్సేది హ్యూస్టన్. కంట్రీ ఆల్బమ్ చేసిన ర్యాపర్ పోస్ట్ మలోన్ పెరిగింది ఇక్కడే, మన గ్రేప్‌వైన్‌లో. అదే 2024 జూన్‌లో కంట్రీ గాయకుడు జార్జ్ స్ట్రెయిట్ మన టెక్సాస్‌లోనే కాలేజ్ స్టేషన్ అనే ఊళ్లో పాడితే 1,10,905 మంది టికెట్ కొని వచ్చారు, అప్పటికి అమెరికా రికార్డు. అంటే అసలు గొడవ టెక్సాస్‌కీ కంట్రీ సంగీతానికి కేంద్రమైన నాష్‌విల్‌కీ మధ్య అనొచ్చా?

మేడమ్: అలా అనలేమండీ. ఆ ఏడాది సీఎంఏలో ఉత్తమ ఆల్బమ్ తీసుకున్న కోడీ జాన్సన్‌ది కూడా టెక్సాసే కదా.

యాంకర్: అదే నేనూ అంటున్నది! టెక్సాస్!

డీజే: సార్, రేడియో సంగతి చెప్పకుండా 2024 అర్థం కాదు. పాటల ర్యాంకులు వేసే బిల్‌బోర్డ్ పత్రికలో కంట్రీకి రెండు లిస్టులున్నాయి. హాట్ కంట్రీ సాంగ్స్ అనేదాంట్లో 2012 నుంచి స్ట్రీమింగ్, అమ్మకాలు, అన్ని రకాల రేడియో కలిపి లెక్కేస్తారు. బియాన్సే పాట ‘టెక్సాస్ హోల్డ్ ఎమ్’ అక్కడ నంబర్ వన్, నల్లజాతి మహిళకు ఆ చోటు దక్కడం అదే మొదటిసారి. రెండోది కంట్రీ ఎయిర్‌ప్లే, అందులో కంట్రీ స్టేషన్లు ఎంత వేశాయన్నదే లెక్క. అదే పాట అక్కడ టాప్ 30లోకి కూడా రాలేదు. జనం వింటున్నారు, స్టేషన్ల వాళ్లు వెయ్యట్లేదు. ఓక్లహోమాలో ఏడా అనే ఊళ్లో ఒక శ్రోత ఈ పాట అడిగితే, మాది కంట్రీ స్టేషన్, మేం బియాన్సే పాటలు వెయ్యం అని జవాబు పంపారు...

మాస్టారు: ఆ తర్వాత ఏమైందో చెప్పవేం? ఆవిడ కంట్రీ పాట విడుదల చేసిందని వాళ్లకి అప్పటికి తెలీదు. తెలిశాక వేశారు! సగం కథ చెప్పి సగం మింగేస్తే ఎలా?

డీజే: ఫ్యాన్స్ ఫోన్లూ ఈమెయిళ్లూ కుమ్మేశాక వేశారు.

మాస్టారు: వేశారా లేదా?

డీజే: వేశారు, కానీ...

మాస్టారు: అయిపోయింది. ఇక రంగు గురించి అంటారా, షబూజీ ఎవరండీ? నైజీరియా నుంచి వచ్చిన తల్లిదండ్రులకు వర్జీనియాలో పుట్టిన నల్లజాతి గాయకుడు. ‘ఎ బార్ సాంగ్’ అన్ని రకాల పాటలూ కలిసిన బిల్‌బోర్డ్ హాట్ 100లో 19 వారాలు నంబర్ వన్. కంట్రీ ఎయిర్‌ప్లేలో కూడా నంబర్ వన్, మీరు వెయ్యట్లేదన్న ఆ స్టేషన్ల దగ్గరే. ఆయన వచ్చాడు, వాళ్లతో తిరిగాడు, స్టేషన్లకు వెళ్లాడు, పాట నచ్చింది, వేశారు. బియాన్సే ఏ స్టేషన్ గడప తొక్కింది? ఇడ్లీ పిండితో కేకు చేసి ఇడ్లీల పోటీకి తెచ్చి, ప్రైజు రాలేదంటే ఎవరిది తప్పు?

(నవ్వులు. ఇక్కడ మేడమ్ ఏదో అన్నారు, వినపడలేదు.)

యాంకర్: బాగా చెప్పారు మాస్టారూ! మేడమ్, దీనికి జవాబుందా?

మేడమ్: ఉంది, చెప్పనిస్తే. షబూజీ సంగతి నిజమే, మాస్టారి వాదనలో బలమైన ముక్క అదే. కానీ అదే షబూజీకి సీఎంఏలో రెండు నామినేషన్లు, ఒక్క అవార్డూ రాలేదు, పైగా వేదిక మీద ఆయన పేరుతో జోకులు. మరోవైపు పోస్ట్ మలోన్ ర్యాప్ నుంచే వచ్చాడు, మొహం నిండా టాటూలు, ఆయనకు నాలుగు నామినేషన్లు.

మాస్టారు: ఆయన నాష్‌విల్ వెళ్లి కంట్రీ పెద్దలు డాలీ పార్టన్‌తో, టిమ్ మెక్‌గ్రాతో కూర్చుని పాడాడండీ!

మేడమ్: ‘కౌబాయ్ కార్టర్’లో కూడా డాలీ పార్టన్ ఉంది, విల్లీ నెల్సన్ ఉన్నాడు. ‘టెక్సాస్ హోల్డ్ ఎమ్’ మొదట్లో వినిపించే ఆ తీగల వాయిద్యం బాంజో వాయించింది నల్లజాతి కళాకారిణి రియానన్ గిడెన్స్. అసలు బాంజో మూలమే ఆఫ్రికాలో ఉంది. బానిసలుగా తెచ్చినవాళ్ల చేతుల్లోంచి వచ్చిన వాయిద్యం అది. 1920ల్లో రికార్డు కంపెనీలు నల్లవాళ్ల పాటల్ని ‘రేస్ రికార్డులు’ అని, తెల్ల పల్లెవాళ్ల పాటల్ని ‘హిల్‌బిల్లీ’ అని వేరువేరు కేటలాగుల్లో పెట్టి అమ్మారు. వాయించేవాళ్లు ఒకరి దగ్గర ఒకరు నేర్చుకున్నవాళ్లే, విడదీసింది అమ్మకం. కంట్రీకి పేరుమోసిన రేడియో షో గ్రాండ్ ఓల్ ఆప్రీ తొలి తారల్లో ఒకడైన డిఫోర్డ్ బెయిలీ నల్లజాతి మౌతార్గన్ విద్వాంసుడు, 1941లో ఆయన్ని తీసేశారు. నల్లజాతి గాయకుడు చార్లీ ప్రైడ్ తొలి రికార్డుల్ని రేడియోలకు ఫోటో లేకుండా పంపారు, రంగు తెలిస్తే వెయ్యరని. అదే చార్లీ ప్రైడ్ 1971లో సీఎంఏ ఎంటర్‌టైనర్ ఆఫ్ ది ఇయర్...

యాంకర్: చార్లీ ప్రైడ్! డల్లాస్‌లోనే ఉండేవారు కదండీ!

మేడమ్: అవునండీ, కానీ నేను చెప్పేది...

యాంకర్: చూశారా, మళ్లీ టెక్సాస్. సరే, ఇలాంటి గొడవ ఇంతకుముందు జరిగిందా? మన హాస్టళ్లలో గిటార్ పట్టిన ప్రతివాడూ పాడే జాన్ డెన్వర్ మీద కూడా అప్పట్లో ఏదో అన్నారట?

మేడమ్: అది 1975. సీఎంఏ ఎంటర్‌టైనర్ అవార్డు ప్రకటిస్తూ, ముందు ఏడాది విజేత, కంట్రీ గాయకుడు చార్లీ రిచ్ వేదిక మీద కవరు తెరిచి, పేరు చూసి, జేబులోంచి లైటర్ తీసి ఆ కార్డు కాల్చాడు. అది మండుతుండగానే జాన్ డెన్వర్ పేరు చదివాడు. డెన్వర్ ఆ సమయానికి ఆస్ట్రేలియా నుంచి శాటిలైట్‌లో ఉన్నాడు, ఇక్కడ జరిగింది తెలియక నవ్వుతూ థ్యాంక్స్ చెప్పాడు.

మాస్టారు: అదీ! మరి డెన్వర్ తెల్లవాడే కదా? రంగు ఎక్కడుంది ఇందులో? ముందు ఏడాది పాప్ గాయని ఒలీవియా న్యూటన్-జాన్‌కి ఉత్తమ గాయని ఇస్తే కంట్రీ స్టార్లు జార్జ్ జోన్స్, టామీ వైనెట్ ఇంట్లో మీటింగ్ పెట్టి వేరే సంఘమే కట్టారు. ఆవిడా తెల్లావిడే. కంట్రీ వాళ్లు పాప్ వాళ్లని ఎప్పుడూ రానివ్వలేదు. అంతే. సింపుల్.

మేడమ్: అంత సింపుల్ కాదు మాస్టారూ. చార్లీ రిచ్‌ది నిరసనా, ఆ రాత్రి తాగిన మందూ వేసుకున్న మాత్రలూ కలిసి చేయించిన పనా అనేది ఇప్పటికీ వాదనే. పైగా డెన్వర్‌కి, ఒలీవియాకి అవార్డులు వచ్చాక గొడవ జరిగింది. బియాన్సేకి సీఎంఏ నామినేషనే రాలేదు. 2016లో ఆవిడ సీఎంఏ వేదిక మీద చిక్స్ అనే కంట్రీ బృందంతో పాడినప్పుడు...

మాస్టారు: 2016 వదిలేయండి, మన సబ్జెక్టు 2024.

డీజే: 1975 మాట్లాడొచ్చు గానీ 2016 కూడదా?

(ముగ్గురూ ఒకేసారి. లిల్ నాస్ ఎక్స్ అనే నల్లజాతి ర్యాపర్ పాట ‘ఓల్డ్ టౌన్ రోడ్’ పేరు, ‘2019’, ‘లిస్టులోంచి పీకేశారు’ అన్న మాటలు మాత్రం వినపడ్డాయి. మాస్టారు తన గిటార్ తెచ్చుకుని, కంట్రీ అంటే ఏమిటో చూపిస్తానంటూ వాయించడం మొదలుపెట్టారు. చాలాసేపు వాయించారు, బాగానే వాయించారు. బియాన్సే పాటలో ఇది ఎందుకు లేదో చెబుతానని మొదలుపెట్టి అది మాత్రం చెప్పలేదు.)

యాంకర్: అద్భుతం మాస్టారూ! చాట్‌లో అందరూ చప్పట్లు. ఒకాయన రాశారు: మాస్టారు చెప్పిందే కరెక్ట్, కంట్రీని కంట్రీలా ఉండనివ్వండి.

డీజే: ఆ కిందే ఒకావిడ మేడమ్‌ని మాట్లాడనివ్వమని రాశారు సార్, అది చదవలేదు.

యాంకర్: వస్తా, దానికీ వస్తా. టైమ్ తక్కువుంది. ఫైనల్‌గా ఒక్కొక్కరికి ఇరవై సెకన్లు. 2024 మంచి ఏడాదా, చెడ్డ ఏడాదా? దీని వెనక టెక్సాస్ పాత్ర ఎంత? తమ్ముడూ.

డీజే: మంచి ఏడాదే. కొత్తగా వినేవాళ్లు వచ్చారు. నా పార్టీల్లో మన తెలుగువాళ్లు ‘ఎ బార్ సాంగ్’ వెయ్యమని అడుగుతున్నారు, ఇదివరకు కంట్రీ వేస్తే డాన్స్ ఫ్లోర్ ఖాళీ అయ్యేది.

యాంకర్: మాస్టారూ.

మాస్టారు: నాది ఒకటే మాట. ఆవిడే రాసింది, ఇది కంట్రీ ఆల్బమ్ కాదని. విభాగం రెండు చెయ్యడం వందకు వంద శాతం సరైన పని. సంప్రదాయం వేరు, ఫ్యాషన్ వేరు. స్టీల్ గిటార్, ఫిడిల్ వాయించి బతికేవాళ్లకి కూడా ఒక కప్పు ఉండాలి కదండీ, ఎన్నాళ్లని పెద్ద స్టార్ల వెనక నిలబడతారు? దీంట్లో కక్ష లేదు, రంగు లేదు, కుట్ర లేదు. ఇంకొకటి చెప్పి ముగిస్తా, 1990ల్లో రేడియో ఎలా ఉండేదంటే...

(ఈ ‘ఇంకొకటి’ ప్రకటనల సంగీతం మొదలయ్యే దాకా నడిచింది.)

మేడమ్: స్టీల్ గిటార్ వాళ్ల గురించి నాకూ అభ్యంతరం లేదండీ. కానీ ఆ సంప్రదాయం అనే గీత ఎవరు గీస్తారో, లిండా మార్టెల్ లాంటి నల్లజాతి కంట్రీ గాయని ఆ గీతకి ఎటువైపు ఉంటుందో...

యాంకర్: మేడమ్, సారీ, టైమ్ అయిపోయింది. లిండా మార్టెల్‌ది టెక్సాసేనా?

మేడమ్: కాదండీ, సౌత్ కరోలినా.

యాంకర్: సరే అయితే, వచ్చేవారం కలుద్దాం.