ఇసుక దీవిలో మంచినీళ్లు: హార్వీ బే నుంచి ఒక్క రోజు ప్రయాణం

నమస్కారం. బ్రిస్బేన్ చుట్టుపక్కల ఉంటున్న మన తెలుగువారిలో కొందరు, "ఇసుక చూడటానికి మూడున్నర గంటలు కారులో వెళ్లి, ఆపైన పడవెక్కాలా?" అని అడుగుతూ ఉంటారు. ప్రపంచంలోకెల్లా పెద్ద ఇసుక దీవి అనగానే వారి కళ్ల ముందు నీటిచుక్క లేని ఎడారి కదలాడుతుంది. ఈ అపోహ నన్ను చాలాకాలంగా బాధిస్తోంది. వేసవిలో ఎండిన ఏటిలో చెలమ తీసుకుని దాహం తీర్చుకున్నవాళ్లం మనం. ఇసుక నీటిని దాచుకుంటుందన్న సంగతి మనకు కొత్త కాదు.

నేను చెప్పబోయేది క్వీన్స్‌లాండ్ తీరంలోని గర్రి దీవి గురించి. ఇంగ్లిషులో ఈ పేరుకు ముందు 'కె' అక్షరం రాస్తారు గాని, దానిని పలకరు. మ్యాపులలో ఫ్రేజర్ ఐలాండ్ అని ఉండేది ఇదే. అక్కడి మూలవాసులైన బుచ్చుల్లా ప్రజలు తరతరాలుగా పిలుచుకుంటున్న ఈ పేరు 2023 జూన్‌లో అధికారికంగా తిరిగి వచ్చింది కాబట్టి, మనమూ గర్రి అనే పిలవడం మర్యాద.

[తెరపై: ఎండిన ఏటి ఇసుకలో చెలమ]

చెలమ తీయడం చూసినవారు ఒక్కసారి గుర్తుచేసుకోండి. పైన ఇసుక కాళ్లు కాలేలా ఉంటుంది. మూరెడు లోతు తవ్వేసరికి ఇసుక తడిగా చేతికి అంటుకుంటుంది. ఇంకాస్త తవ్వితే గుంట అడుగున కలక నీరు చేరి, కాసేపటికి తేరుకుంటుంది. చిప్పతో ఎంత తోడితే అంతా మళ్లీ ఊరుతుంది. బాపట్ల, చీరాల వైపు రైతులు సముద్రానికి దగ్గరలోని ఇసుక నేలల్లో ఇలాగే దొరువులు తవ్వి, ఆ నీటిని కుండలతో మోసి నారుమళ్లకు పోసేవారు. పక్కనే సముద్రం ఉన్నా దొరువు నీరు తియ్యగా ఉండటానికి కారణం, వాననీరు ఉప్పునీటికంటే తేలిక కావడం వల్ల ఇసుకలోపల దానిపై తేలుతూ ఉండటమే. సముద్రమట్టానికి ఒక మీటరు ఎత్తున మంచినీరు నిలిచిందంటే, దాని కింద సుమారు 40 మీటర్ల లోతు వరకు మంచినీరే ఉంటుందని లెక్క.

గర్రిని 120 కిలోమీటర్ల పైచిలుకు పొడవున్న దొరువు అనుకోండి. న్యూ సౌత్ వేల్స్ నదులు సముద్రంలోకి తెచ్చిన ఇసుకను అలలు తీరం వెంబడి ఉత్తరానికి నెట్టుకుంటూ రాగా, లక్షల ఏళ్లలో పేరుకున్న తిన్నెలు ఇవి. కొన్ని 200 మీటర్లకు మించిన ఎత్తున ఉన్నాయి. అంత ఇసుకలో ఎంత వాన ఇంకి ఉంటుందో ఊహించండి.

ఇక ప్రయాణం. దీవికి ఎదురుగా తీరంలో ఉన్న హార్వీ బే పట్టణంలో ఉదయాన్నే టూరు బస్సు వచ్చి, రివర్ హెడ్స్ రేవు దగ్గర ఫెర్రీ ఎక్కిస్తుంది. దీవిలో తారురోడ్లు లేనట్టే. ఇసుక బాటల్లో ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లు మాత్రమే నడుస్తాయి, టూరు బస్సులూ అలాంటివే. ఆటుపోట్ల వేళలు తెలియక, టైర్లలో గాలి తగ్గించక, అద్దె బండిని మెత్తటి ఇసుకలో దింపి పారలతో తవ్వుకుంటున్నవారిని నేను చూశాను. మొదటిసారి వెళ్లేవారు గైడు వెంట వెళ్లడమే మేలని నా గట్టి అభిప్రాయం.

[తెరపై: మెకంజీ సరస్సు]

బుచ్చుల్లా భాషలో బూరంగూరా అనే మెకంజీ సరస్సు దగ్గరే ఎక్కువమంది పొరబడతారు. ఇది చెలమ కాదు. సముద్రమట్టానికి దాదాపు 100 మీటర్ల ఎత్తున, భూగర్భ జలమట్టానికి చాలా పైన ఉంది. గట్టు మీద గుంట తీసి, దాని అడుగును బంకమట్టితో మెత్తామనుకోండి. పడిన వాన ఇంకకుండా అక్కడే నిలుస్తుంది కదా! గాలి తొలిచిన పల్లంలో ఆకులలములు కుళ్లి, ఇసుకను కరుడు కట్టించి, అక్కడ ఆ బంకమట్టి పని చేశాయి. ఏ వాగూ ఇందులోకి రాదు, ఇందులోంచి పోదు. అచ్చమైన వాననీరు. ఒడ్డున ఉన్నది తెల్లని సిలికా ఇసుక. గుప్పెడు తీసుకుని వేలి ఉంగరాన్ని తడిఇసుకతో రుద్దండి, తళతళలాడుతుంది.

దయచేసి ఒక్క మాట వినండి. బయటికి పోయే దారి లేని నీటిలో మనం కలిపినదల్లా అక్కడే ఉండిపోతుంది. సన్‌స్క్రీన్ పులుముకుని వెంటనే దిగకండి, సబ్బు మాట అసలే వద్దు. ఎండకు పొడుగు చేతుల ఈత దుస్తులు వేసుకోండి, పిల్లలను ముందే టాయిలెట్‌కు తీసుకెళ్లండి. మన ఊరి మంచినీళ్ల చెలమలో ఎవరైనా కాళ్లు కడిగితే పెద్దలు ఊరుకునేవారు కారు. ఇక్కడా అదే పద్ధతి.

తరువాత, ఒకప్పుడు అటవీశాఖ మకాం ఉన్న సెంట్రల్ స్టేషన్ అడవి. ఇక్కడ వంగూల్బా వాగు పక్కన నిలబడి చెవులు రిక్కించండి. నీరు పారుతూనే ఉంటుంది, చప్పుడు మాత్రం రాదు. అడుగున రాయి లేదు, ఇసుక తప్ప తగిలేది లేదు. నీరు ఎంత తేటగా ఉంటుందంటే, ఆకు ఒకటి కదిలి వెళ్లేదాకా అక్కడ ప్రవాహం ఉందని కూడా తెలియదు. వేళ్లను అంటిపెట్టుకున్న శిలీంధ్రాలు ఇసుక నుంచి పోషకాలను లాగి ఇవ్వడం వల్లనే ఇంత అడవి ఇసుకపై నిలిచింది. 1863లో మొదలైన కలప నరుకుడు 1991లో ఆగింది. ఆ మరుసటి ఏడాదే దీవికి ప్రపంచ వారసత్వ హోదా దక్కింది.

సమయం తక్కువగా ఉంది కాబట్టి తూర్పు తీరాన్ని త్వరగా చెబుతాను. సెవెంటీఫైవ్ మైల్ బీచ్ చట్టప్రకారం రహదారి. వేగం గంటకు 80 కిలోమీటర్లు మించకూడదు, చిన్న విమానాలూ అక్కడే దిగుతాయి, కనుక నడిచేటప్పుడు రెండు వైపులా చూసుకోండి. సముద్రంలోకి దిగకండి, లాగేసే ప్రవాహాలు, సొరచేపలు ఉంటాయి. ఈతకు ఈలై క్రీక్ ఉంది. మన చెలమకు గండి పడి పొంగి పారితే ఎలా ఉంటుందో అలాంటి ఈ వాగు, దీవి కడుపులోని వాననీటిని రోజుకు సుమారు 8 కోట్ల లీటర్లు కడలిలో కలుపుతుంది. దానికి ఉత్తరాన, 1935లో తుపానుకు కొట్టుకొచ్చిన మహెనో ఓడ తుప్పు పట్టిన అస్థిపంజరం ఉంది. అది దాటితే రంగురంగుల ఇసుక గోడలు.

బుచ్చుల్లా ప్రజలు వంగారి అని పిలిచే డింగోలు, అంటే అక్కడి అడవి కుక్కలు, ఎదురైతే పరుగెత్తవద్దు. చేతులు కట్టుకుని నిలబడి, వాటి వైపే చూస్తూ మెల్లగా వెనక్కి తగ్గండి. తిండి పెట్టడం నేరం. పిల్లలు చేతికందే దూరంలోనే ఉండాలి. సాయంత్రం తిరుగు ఫెర్రీలో పై అంతస్తుకు ఎక్కండి, సూర్యుడు మీ ముందే హార్వీ బే వైపు దిగుతూ ఉంటాడు.